అరవై ఒకటో పేరు

నిన్న మా అమ్మాయిని ఇక్కడి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతిలో చేర్చాను. చేర్చడానికి పట్టింది పది నిమిషాలు. చేర్చాలా వద్దా అని తేల్చుకోవడానికి పట్టింది యాభై రోజులు. ఆ యాభై రోజుల్లో ఒక మధ్యాహ్నం నన్ను నడివీధిలో నిలబెట్టి నవ్వులపాలు చేసింది. ఆ మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. ఆడిట్ శాఖలో పద్నాలుగేళ్ల సర్వీసు నాది. ఇతరుల లెక్కల్లో తప్పు వెతకడమే నా బతుకుతెరువు. ఈ పనిలో నాకు మంచి పేరుంది, కాదన్నవాళ్లు నా రిపోర్టులు అందుకున్నవాళ్లే అయి ఉంటారు. ఈ వేసవిలో హైదరాబాద్ నుంచి నల్లగొండ జిల్లాలోని ఈ మండల కేంద్రానికి బదిలీ అయింది. పాత బడి ప్రైవేటుది. ఇక్కడ ప్రైవేటు బడి బస్సు పొద్దున ఏడున్నరకే వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని ఊరంతా తిరుగుతుంది. సర్కారు బడి మా ఇంటికి నాలుగు వందల అడుగుల్లో ఉంది. 'అది ఎలాంటి బడి?' అని ఇరుగుపొరుగును అడిగితే అందరిదీ ఒకే జవాబు: 'అక్కడికి ఎవరు పంపుతారండీ?' పంపనివాళ్లకు ఆ బడి ఎలా ఉందో ఎలా తెలుసని నేను ఎదురు అడగలేదు. నేనే తేల్చుకుందామనుకున్నాను.

మొదటి మెట్టు సులువు. దేశంలోని బడుల వివరాలన్నీ ఒకచోట నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్. అందులో ప్రతి బడికీ పదకొండు అంకెల సంఖ్య ఉంటుంది, తెలంగాణ బడులది 36తో మొదలవుతుంది. ఆ పోర్టల్‌లో బడి పేరు కొడితే గదులు, మరుగుదొడ్లు, పిల్లలు, ఉపాధ్యాయుల సంఖ్య కనిపిస్తాయి. మా బడికి ముగ్గురు ఉపాధ్యాయులని ఉంది. పిల్లల్ని సర్కారు బడిలో చేర్చమని అడిగే బడిబాటలో ఇల్లిల్లూ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది మాత్రం ఇద్దరే. 'మూడో ఆయన ఎక్కడ?' అంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆడిట్‌లో అలాంటి చూపు కనిపించగానే మేము ఎర్ర పెన్సిల్ తీస్తాం.

తీశాను కూడా. అప్పటికే మే నెలలో సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టి ఉన్నాను: మంజూరైన పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, డిప్యుటేషన్ మీద వెళ్లినవారు ఎందరు. మండల స్థాయి కార్యాలయంలో దీనికి రుసుము ఐదు రూపాయలే, పది కాదు. అక్కడి గుమస్తా పది అడిగాడు. నియమం చెప్పాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, 'పిల్లను బడికి పంపుతున్నారా సార్, అత్తారింటికి పంపుతున్నారా? ఇన్ని ఆరాలు తీస్తున్నారు!' అన్నాడు. గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. ఐదు రూపాయలకే రసీదు తీసుకుని వచ్చాను. ఇరవై తొమ్మిదో రోజున ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: మంజూరు మూడు, పనిచేస్తున్నది ఇద్దరు, ఒకరు వేరే బడికి డిప్యుటేషన్. గడువు ముప్పై రోజులు. ఒక రోజు మిగిల్చినందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

భవనం గురించి ఎక్కువ చెప్పను. గోడలకు కొత్త రంగు, రంగు మీద రైలు బొమ్మ, మరుగుదొడ్లో నీళ్లు ఉన్నాయి, తలుపుకు గడియ ఉంది. ఆడపిల్ల తండ్రిగా గడియ చూశాను, రైలు బొమ్మ చూడలేదు.

ఇక అసలు కథ. ఏ బడి అసలు రూపమైనా అన్నం గంటకే బయటపడుతుందని నా సిద్ధాంతం. అందుకని జూన్ చివర్లో వరుసగా మూడు రోజులు మధ్యాహ్నం ఆఫీసు నుంచి వచ్చి, బడి ప్రహరీని ఆనుకుని వేపచెట్టు నీడలో నిలబడ్డాను. మొదటి రోజు గుడ్డు పెట్టారు. రెండో రోజు కూరగాయలతో అన్నం. ఐదో తరగతి ఆడపిల్లలు చిన్నవాళ్లకు నీళ్లు పోస్తున్నారు, ఒక పంతులమ్మ పిల్లల వరుసలోనే కూర్చుని అదే అన్నం తింటోంది. ఇదంతా నాకు నచ్చింది. మూడో రోజు గుడ్డు లేదు, పప్పుచారు మాత్రమే. నాలోని ఆడిటర్ నిద్రలేచాడు. ఫోను తీసి గోడ మీదుగా పళ్లేలకు ఒక ఫొటో తీశాను.

'ఎవరయ్యా నువ్వు?' అని వెనక నుంచి ఒక గొంతు. వంటామె. చేతిలో గరిటె, దాని నుంచి చారు కారుతోంది. 'మూడు రోజులుగా చూస్తున్నాను. పొద్దు తిరిగేసరికి వచ్చి నిలబడతావు. ఎవరి కోసం?' నేను ఏదో చెప్పబోయాను, గొంతు పెగల్లేదు. ఎదురుగా టీ కొట్టు దగ్గరున్నవాళ్లు లేచి వచ్చారు. ఇద్దరు ఆటోవాళ్లు వచ్చారు. ఒకాయన, 'విలేకరి అయి ఉంటాడు, పోయిన ఏడు ఒకడు ఇలాగే ఫొటో తీసి రెండు వేలు అడిగాడు' అన్నాడు. అది నయమే. గుంపులో ఇంకెవరో, 'పిల్లల్ని ఎత్తుకుపోయేవాడేమో చూడండి' అన్నారు.

ఆ మాటకు నా కాళ్లు చల్లబడ్డాయి. 2018లో అలాంటి పుకార్లకు దారినపోయేవాళ్లు దెబ్బలు తిని చచ్చిపోయిన వార్తలు చదివినవాడినే. ఒక ఆటో అబ్బాయి నా ఫోను లాక్కున్నాడు. చొక్కా జేబులోంచి గుర్తింపు కార్డు తీసి పైకెత్తి చూపించాను. దాంతో గొడవ ముగుస్తుందనుకున్నాను. అప్పుడే మొదలైంది.

అప్పటికి ప్రధానోపాధ్యాయురాలు గేటు దగ్గరికి వచ్చారు. కార్డు మీద 'ఆడిట్' అన్న మాట చూడగానే ఆవిడ ముఖం పాలిపోయింది. 'లోపలికి రండి సార్' అన్నారు. కుర్చీ వేశారు. నేను నోరు తెరిచేలోగా బల్ల మీదికి హాజరు పట్టిక, బియ్యం నిల్వ పుస్తకం, భోజనం బిల్లులు వచ్చాయి. ఇందాక గరిటె ఎత్తిన వంటామె చేతులు తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడి, 'సారూ, మూడు నెలల బిల్లు రాలేదు. కిరాణా కొట్టులో అప్పు పెరిగింది. పిల్లకు ఆరు రూపాయల డెబ్బై ఎనిమిది పైసలు లెక్క కట్టిస్తున్నారు. పప్పు, నూనె, కూరగాయ, కట్టెలు, అన్నీ అందులోనే. చారు పల్చగా ఉందని రాసుకోండి, కానీ ఇది కూడా రాసుకోండి' అంది. ఆ 6 రూపాయల 78 పైసలు ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు 2025 మే నుంచి అమల్లోకి వచ్చిన రేటు. బియ్యం విడిగా ఇస్తారు. ఆమె చేతికి నెలకు వచ్చే గౌరవ వేతనం మూడు వేలు.

ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషం, నాకు దుర్బుద్ధి పుట్టింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అన్ని పుస్తకాలూ చూడవచ్చు. కానీ వంటామె ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. 'మేడమ్, నేను తనిఖీకి రాలేదు. మా అమ్మాయిని చేర్చాలని చూస్తున్నాను' అన్నాను.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడకు వచ్చిన కోపం నేను మరిచిపోలేను. 'తండ్రి అయితే గేటు తెరిచే ఉంది కదా! వచ్చి అడిగితే చెప్పనా? దొంగలా గోడ మీదుగా ఫొటోలెందుకు? అసలు పిల్ల ఏది?' అన్నారు. పిల్ల ఇంట్లో ఉంది. ఫోను ఇంకా ఆటో అబ్బాయి దగ్గరే ఉంది. అడిగి తీసుకుని మా ఆవిడకు ఫోను చేశాను. ఆమె అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చి, గుంపును, నన్ను, వంటామెను ఒక్క చూపులో అర్థం చేసుకుని, 'ఈయన మా ఆయనే. ఇంట్లో కూడా ఇంతే, ఉప్పు డబ్బా కూడా తూకం వేస్తారు' అంది. టీ కొట్టు వాళ్లంతా పగలబడి నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వింది. అది ఇంకా అరగలేదు నాకు.

గుడ్డు సంగతి: వారానికి మూడు రోజులే గుడ్డు. ఆ రోజు గుడ్డు రోజు కాదు. ఏ రోజు ఏమి పెడతారో పట్టిక రంగుతో రాసే ఉంది. నేను మూడు రోజులు ఆనుకుని నిలబడ్డ గోడకే, లోపలి వైపు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా కార్యాలయంలో ఇరవై మంది ఉన్నాం. అందరం ప్రభుత్వ జీతగాళ్లమే. సర్కారు బడికి పిల్లను పంపుతున్నది ఇప్పుడు నేనొక్కడినే. ప్రభుత్వోద్యోగుల పిల్లలు ప్రభుత్వ బడుల్లోనే చదివేలా చూడాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ తీర్పు సంగతి చెబితే మా సూపరింటెండెంట్, 'అది ఉత్తరప్రదేశ్‌కు కదా' అన్నారు. ఆయన పిల్లలు చదివే కార్పొరేట్ బడిలో నెలకు ఎంత కడుతున్నారో నాకు తెలుసు. ఆయన జీతం ఎంతో కూడా తెలుసు.

సరే, అసలు విషయానికి వస్తాను. అంత జరిగాక మేడమ్ చల్లబడి, 'ఏమేమి చూడాలో చూసుకోండి' అన్నారు. నా దగ్గర ఒక కాగితం ఉంది. 2005 నుంచి జరుగుతున్న అసర్ సర్వేలో పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పిల్లలతో చదివిస్తారు: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అప్పు తెచ్చుకుని తీసివేసే తీసివేత. ఆ పద్ధతిలో నేనే ఒక పేరా, ఒక కథ రాసుకుని వెళ్లాను. అంతకుముందు ఇంట్లో మా అమ్మాయితో చదివించాను. ఆ ఫలితం ఇక్కడ రాయను.

'బాగా చదివే పిల్లను కాదు, అందరికన్నా వెనకబడిన పిల్లను పిలవండి' అన్నాను. ఇది నా తెలివి, ఒప్పుకోవాలి. ఏ బడికి వెళ్లినా ఇలాగే అడగండి. ముందు వరుస పిల్లలు ఎక్కడైనా చదువుతారు, వాళ్లకు ఇంట్లో ఎవరో ఒకరు చెబుతారు. మేడమ్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నాలుగో తరగతి నుంచి ఒక అబ్బాయిని పిలిచారు. ఇటుక బట్టీలో పనికి వచ్చినవాళ్ల కొడుకు, ఇంట్లో ఒడియా మాట్లాడతాడు. వాడు పేరా చదివాడు. కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుంటూ, 'వర్షం' దగ్గర రెండుసార్లు ఆగి చదివాడు. కథ చదవలేకపోయాడు. నేను పెదవి విరిచాను. ఆవిడ బల్ల సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీశారు. ఒక్కో పిల్లకు ఒక్కో పేజీ. ఆ అబ్బాయి పేజీలో పోయిన జులైలో 'అక్షరాలు రావు', నవంబరులో 'గుణింతాలు', ఫిబ్రవరిలో 'చిన్న పదాలు' అని తేదీలతో ఉంది. చిన్న తరగతులకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు కోసం పైకి పంపే నివేదిక వేరు, ఇది ఆవిడ సొంతానికి రాసుకున్నది. పద్నాలుగేళ్లలో నేను చూసిన రిజిస్టర్లలో ఇలాంటి నిజాయితీ రిజిస్టరు మరొకటి లేదు. కొన్ని పేజీల్లో ఆర్నెల్లయినా ఏ మార్పూ లేదని కూడా ఉంది.

నచ్చనిది కూడా చెప్పాలి. రెండే గదుల్లో పాఠం. ఒకటి, రెండు తరగతులు ఒక గదిలో. మూడు, నాలుగు, ఐదు ఇంకో గదిలో. నల్లబల్లను సుద్దముక్కతో మూడు భాగాలు చేశారు. నాలుగో తరగతికి తీసివేత చెబుతున్నంతసేపూ మూడో తరగతి కిటికీలోంచి మేకల్ని చూస్తోంది. ఇద్దరిలో ఒకరు మండల సమావేశానికి వెళ్తే అరవై మందీ ఒక్కరి మీదే. కాగితం మీద లెక్కేస్తే ముప్పై మందికి ఒక ఉపాధ్యాయుడు, చక్కటి నిష్పత్తి. ఐదు తరగతులకు ఇద్దరు అన్న మాట ఆ నిష్పత్తిలో ఎక్కడా కనబడదు. కాబట్టి పిల్లల సంఖ్యను ఉపాధ్యాయులతో భాగించి సంతోషపడకండి, తరగతులను భాగించి చూడండి.

ఇదే నన్ను వారం రోజులు ఆపింది. రెండు కిలోమీటర్ల అవతల నలుగురు ఉపాధ్యాయులున్న బడి ఉంది. అక్కడికీ వెళ్లాను, ఈసారి గేటులోంచే. వెనకబడిన పిల్లను పిలవమంటే, 'మా దగ్గర అలాంటివాళ్లు లేరు సార్' అన్నారు. తిరిగి వచ్చేశాను.

వారం తర్వాత ఒక రాత్రి విద్యాహక్కు చట్టం అనుబంధం మళ్లీ తీసి చూశాను. ప్రాథమిక పాఠశాలలో అరవై మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. అరవై ఒకటి నుంచి తొంభై వరకు ముగ్గురు. బడిలో హాజరు పట్టిక మీద ఉన్న పేర్లు అరవై. నేను లేచి కూర్చున్నాను.

మర్నాడే వెళ్లాను. పాత బడి వాళ్లు జూన్ ఫీజు కూడా కడితేనే టీసీ అంటున్నారు. జూన్‌లో మా అమ్మాయి ఆ బడి గడప తొక్కలేదు. మీకూ అలా అంటే భయపడకండి, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపడానికి చట్టం ఒప్పుకోదు. ఆధార్ నకలు ఇచ్చాను, సంతకం పెట్టాను. మేడమ్ పట్టికలో పేరు రాసి వరుస సంఖ్య వేశారు: 61. నేను అప్పటికే టైపు చేసి తెచ్చిన అర్జీ బల్ల మీద పెట్టాను. డిప్యుటేషన్ మీద ఉన్న ఉపాధ్యాయుణ్ణి వెనక్కి పంపాలని. ఆవిడ రెండుసార్లు చదివి, 'నేను పెడితే నా మీదికి వస్తుంది, తల్లిదండ్రులు పెడితే వేరు' అన్నారు. సాయంత్రానికి పదిహేడు సంతకాలు అయ్యాయి. వాటిలో ఒకటి వంటామెది, ఆమె మనవరాలు రెండో తరగతి.

ఈ పొద్దున మండల కార్యాలయానికి తీసుకెళ్లాను. అదే గుమస్తా. 'సంబంధం కుదిరినట్టుంది!' అన్నాడు. అర్జీ చదివి, 'సెప్టెంబరు దాకా చూద్దాం సార్, సంఖ్య తగ్గొచ్చు' అన్నాడు. తగ్గదని చెప్పి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. ముద్ర సగమే పడింది. మళ్లీ వేయమన్నాను.