జోడియాక్ సైఫర్లు: గళ్ల పుస్తకంలో ఎంతవరకు వచ్చానంటే

శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో 1968-69లో ఐదుగురిని చంపి ఇప్పటికీ దొరకని, జోడియాక్ అని తనకు తానే పేరు పెట్టుకున్న హంతకుడు పత్రికలకు పంపిన రహస్య లిపిని (సైఫర్), కంప్యూటర్ లేకుండా చేత్తో విప్పాలని కూర్చున్నాను. సారాంశం ముందే తెలుసు. ఏ గుర్తు ఏ అక్షరమో మాత్రం చూడకూడదని నియమం పెట్టుకున్నాను.

మొదటిది 408 గుర్తులది. 1969 జూలై చివర్లో మూడు ముక్కలుగా మూడు పత్రికలకు వెళ్లింది. ఒక్కో ముక్క 17 నిలువు వరసలు, 8 అడ్డ వరసలు. పిల్లల లెక్కల గళ్ల పుస్తకం దీనికి సరిగ్గా సరిపోయింది. ఆ వింత బొమ్మలన్నీ గీస్తూ కూర్చుంటే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. ఒక్కో గుర్తుకు ఒక నంబరు ఇచ్చి నంబర్లే రాసుకోండి. పెన్సిల్‌తో రాయండి, రబ్బరు దగ్గర పెట్టుకోండి.

ఇంగ్లీషులో ఎక్కువసార్లు వచ్చే అక్షరం 'ఇ' కదా, ఎక్కువసార్లు కనిపించే గుర్తే అది అయ్యుంటుందనుకుంటే ఇక్కడ కుదరదు. 'ఇ' ఒక్కదానికే అతను ఏడు గుర్తులు వాడాడు. సలీనాస్‌కు చెందిన స్కూల్ టీచర్ డొనాల్డ్ హార్డెన్, ఆయన భార్య బెట్టీ వేరే దారి పట్టారు: ఇంత అహంకారి ఉత్తరం 'నేను' (ఇంగ్లీషులో I) అనే మొదలుపెడతాడు, 'చంపడం' (kill) అనే మాట తప్పకుండా వాడతాడు. నేనూ అదే దారిలో వెళ్లాను. మొదటి వరసలో 4, 6 గడుల్లో ఒకే గుర్తు ఉంది, అది 'కె'. 2, 9 గడుల్లో ఒకటి, 8, 17 గడుల్లో ఇంకొకటి: రెండూ 'ఎల్' అక్షరమే, గుర్తుల్ని వంతులవారీగా మార్చాడు. ఇది పట్టుకున్నాక మిగతాది చకచకా కదిలింది. చివరి 18 అక్షరాలకు మాత్రం ఎవరికీ అర్థం తేలలేదు, నేను వాటి జోలికి పోలేదు.

340 గుర్తుల రెండోది వేరే సంగతి. 1969 నవంబరులో పంపింది 2020 డిసెంబరులో గానీ విడిపోలేదు. డేవిడ్ ఒరాన్‌చక్, శామ్ బ్లేక్, యార్ల్ వాన్ ఐకే కలిసి తేల్చారు. కేసును ఏళ్లపాటు వెంటాడిన ఇన్‌స్పెక్టర్ డేవ్ టోస్కీ అప్పటికి లేరు, 2018లోనే పోయారు.

ఇందులో హంతకుడు అక్షరాలు మార్చడమే కాక వాటి వరస కూడా చెదరగొట్టాడు. మొదటి 9 అడ్డ వరసలు ఒక భాగం. ఎడమ పైమూల నుంచి ఒక గడి కిందికి, రెండు గడులు కుడికి. అంచు దాటితే అవతలి అంచు నుంచి మళ్లీ మొదలు. దీన్ని చేత్తో చేస్తే కళ్లు తిరుగుతాయి, అందుకే ఇక్కడ నియమం సడలించి ఎక్సెల్ తెరిచాను. సున్నా నుంచి లెక్కపెడితే ఎన్నో అక్షరమో ఆ సంఖ్యను 9తో భాగించిన శేషం అడ్డ వరస, దాని రెట్టింపును 17తో భాగించిన శేషం నిలువు వరస. 153 గడులూ ఒక్కోసారే తగులుతాయి. నాకైతే ఈ పనంతటిలో బాగా నచ్చింది ఇదే.

రెండో భాగమూ 9 వరసలే, కానీ మధ్యలో హంతకుడే దారి తప్పాడు, ఒక గడి జరుగుతుంది. ప్రస్తుతం అక్కడే ఉన్నాను. చివరి రెండు వరసలు మామూలుగా ఎడమ నుంచి కుడికే, కొన్ని మాటలు మాత్రం తిరగేసి ఉన్నాయట.

తన పేరంటూ పంపిన 13 గుర్తులది చెయ్యను. అంత చిన్నదాంట్లో ఎవరి పేరైనా ఇరికించొచ్చు.