వాలిన ఆకుకి నీళ్లు పోసీ పోసీ…

మా అమ్మాయి ఇంజనీరింగ్‌కి విశాఖ వెళ్తూ తన పీస్ లిల్లీ మొక్కని నాకు అప్పగించింది. "ఆకులు వాలితే నీళ్లు పొయ్యమ్మా, లేచి నిలబడుతుంది" అంది. జూన్ అంతా అలాగే జరిగింది. శ్రీకాకుళం ఎండకి పొద్దున్న వాలేది, గ్లాసుడు నీళ్లు పోస్తే సాయంత్రానికి లేచేది.

ఆగస్టులో ముసురు పట్టింది. ఒకరోజు ఆకులు వాలాయి. నీళ్లు పోశాను, లేవలేదు. మర్నాడూ పోశాను. నాలుగో రోజుకి కింది ఆకులు పసుపు తిరిగి, కాడలు మెత్తబడ్డాయి. టెన్షన్ పట్టుకుంది. అమ్మాయి వీడియో కాల్ చేస్తే ఫోన్ అటు తిప్పలేదు.

మా అత్తయ్య వంగి చూసి, "ఏటమ్మా ఈ వాసన? వేరు కుళ్లినట్టుంది" అన్నారు. బయటి పింగాణీ కుండీలోంచి లోపలి ప్లాస్టిక్ తొట్టిని ఎత్తితే అడుగున మూడు వేళ్ల లోతు నీళ్లు! బయటి కుండీకి చిల్లే లేదు. వేరుకి గాలి కూడా కావాలి. నీళ్లలో మునిగి ఉంటే ఊపిరాడక కుళ్లుతుంది, కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు. మొక్క నీళ్లలో ఉండి దాహంతో వాలిపోతుంటే నేను ఇంకా పోస్తున్నాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

మట్టి ముద్దని కుళాయి కింద కడిగాను. గోధుమరంగు వేర్లు పట్టుకుంటే చాలు, తొక్క ఊడి చేతికొచ్చేశాయి. వాటిని స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో కత్తిరించి, గట్టిగా తెల్లగా ఉన్నవి మాత్రం ఉంచాను. అవి గుప్పెడే. అంత తక్కువ వేరు అన్ని ఆకుల్ని పోషించలేదని సగం ఆకులు కూడా తీసేశాను. ఉద్దానం కొబ్బరి తోటలున్న జిల్లా మాది, కోకోపీట్‌కి, అంటే కొబ్బరి పీచు పొట్టుకి, వెతుక్కోనక్కర్లేదు. అది రెండు పాళ్లు, ఎర్రమట్టి రెండు, నాగావళి ఇసుక ఒకటి, వానపాముల ఎరువు ఒకటి కలిపి, చిల్లులున్న చిన్న కుండీలో నాటాను. పెద్ద కుండీ అయితే ఉన్న కాసిని వేర్లకి మట్టి త్వరగా ఆరదు.

ఆకు చూసి అత్తయ్య "చేమ జాతేమో" అన్నారు. నిజమే. పేరులో లిల్లీ ఉన్నా ఇది చేమ, కంద కుటుంబం. నమిలితే నోరు దురద పెట్టి మంట పుడుతుంది కాబట్టి పిల్లలకి అందకుండా పెట్టాలి. సొంత ఊరు అమెరికా ఖండపు ఉష్ణమండల అడవులు, అక్కడ పెద్ద చెట్ల నీడన పెరుగుతుంది. అందుకని పడమటి ఎండ తగలకుండా ఉత్తరం కిటికీ దగ్గరికి మార్చాను.

అప్పటి నుంచి ఆకుని చూసి నీళ్లు పోయడం మానేశాను. వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా ఉంటేనే పోస్తాను. వానల్లో ఒక్కోసారి పది రోజులు అక్కర్లేకపోయింది. దసరా వెళ్లాక మధ్యలోంచి చుట్టచుట్టుకున్న లేత ఆకు ఒకటి పైకి వచ్చింది. అప్పుడు అమ్మాయికి ఫోన్ చేసి జరిగినదంతా చెప్పాను.

సంక్రాంతికి వచ్చిన పిల్ల, బ్యాగు దించకుండానే కిటికీ దగ్గరికెళ్లి కుండీలో వేలు పెట్టింది. "ఇంకా తడిగానే ఉందమ్మా, ఎల్లుండి పోద్దాం" అంది.