వేలిముద్ర ఒక్కటే చాలదు

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో తేల్చడానికి ఏళ్లుగా రక్తం, మూత్రం, నీళ్ల శాంపిల్స్ తీస్తూనే ఉన్నారు. అసలు కారణం ఇంకా కచ్చితంగా తేలలేదు. డాక్టర్‌గా నేను ఈ పరిశోధనలు ఇంకా జరగాలనే కోరుకుంటాను.

మొన్న పలాస దగ్గర క్యాంపులో, జీడిపిక్కల నూనెకు వేళ్లు నల్లబడిపోయిన ఒక మామ్మ స్టాంప్ ప్యాడ్ మీద బొటనవేలు ఆనించి, "ఈ రగతంతో ఏటి సేత్తారు బాబూ?" అని అడిగింది. జవాబు సమ్మతి ఫారంలో ఉంది. ఆమెకు చదువు రాదు.

చదవలేని మనిషి దగ్గర సమ్మతి తీసుకుంటే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి మొదట్నుంచి చివరిదాకా పక్కనే ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలూ, కొత్త మందుల ట్రయల్స్‌కు 2019లో వచ్చిన నిబంధనలూ అదే చెబుతాయి. పరీక్షకు మాత్రమే ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వైద్యం కోసం తీసిన రక్తాన్ని పరిశోధనకు వాడాలన్నా అదే న్యాయం ఉండాలని నా నమ్మకం.

కోర్టు కేసుల టెన్షన్ మాకు లేదనను. కానీ మామ్మ ప్రశ్నకు జవాబు చెప్పడం అంతకంటే ముందు పని. పక్కింటి టీచరమ్మను పిలిపించి, ఆవిడ ఎదుటే అంతా విడమరిచి చెప్పాం. వద్దన్నా వైద్యం ఆగదని కూడా చెప్పాం. మామ్మ కాసేపు ఆలోచించి సరేనంది. రిపోర్టు ఎప్పుడిస్తారని అడిగింది. ప్రతి ఫారంలో ఆ తేదీ కూడా రాయాలి.