హన్మకొండలో ఫారిన్ సినిమాకు హాలు అడిగితే

నిన్న ఆదివారం సాయంత్రం మా ఫిల్మ్ సొసైటీ మొదటి షో అయిపోయింది. హాలు కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన కోపం చల్లారకముందే రాసేయాలని ఇవాళే కూర్చున్నా. ఇంకో వారం పోతే "పోనీలే, వాళ్ల డ్యూటీ వాళ్లు చేశారు" అనేసే మనిషిని నేను.

ఇదంతా కరీంనగర్ వాళ్లను చూసి కుళ్లుకోవడంతో మొదలైంది. వాళ్లకు ఎప్పటినుంచో ఫిల్మ్ సొసైటీ ఉంది, ఫిల్మ్ భవన్ అని సొంత చోటు కూడా ఉంది. మనకు నిట్ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, ఊరినిండా కవులున్నారు, నెలకో మంచి సినిమా నలుగురం కూర్చుని చూసి మాట్లాడుకుందామంటే మాత్రం ఎవరింటి హాల్లోనో సోఫా జరపాలి. అందుకే సినిమా పిచ్చి ఉన్న కొందరం కలిసి సొసైటీ పెట్టేశాం.

రిజిస్ట్రేషన్ గురించి భయపడకండి. చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి, బైలాస్ (అంటే సొసైటీ నియమాలు) రాసుకోవాలి, ఆధార్ కాపీలు, ఫీజు, అంతే. పోలీస్ స్టేషన్‌లో కూడా ఇబ్బంది లేదు, మా లెటర్ తీసుకుని కాపీ మీద ముద్ర కొట్టి ఇచ్చారు. ఫెడరేషన్ ఆఫ్ ఫిల్మ్ సొసైటీస్ ఆఫ్ ఇండియా అని ఒకటుంది, 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా మొదలైంది. అందులో చేరిన సొసైటీలు తమ సభ్యులకు మాత్రమే వేసుకునే సినిమాలకు సెన్సార్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంటుంది. అందుకే మా దగ్గర టికెట్ ఉండదు, ఏడాది సభ్యత్వం ఉంటుంది. ఫెడరేషన్ ఇచ్చిన కాగితాన్ని లామినేషన్ చేయించి బ్యాగులో పెట్టుకోండి, ఎందుకో కింద చెప్తా.

మొదటి సినిమాగా బైసికిల్ థీవ్స్ పెట్టుకున్నాం. ఇటలీది, 1948. మన కాపీరైట్ చట్టంలో సినిమాకు హక్కులు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు, కాబట్టి ఆ తలనొప్పి లేదు. గంటన్నరలో అయిపోతుంది, సైకిల్ తొక్కిన ప్రతివాడికీ అర్థమవుతుంది. మా గ్రూపులో ఒక మేధావి ఏడు గంటల హంగేరీ సినిమాతో మొదలుపెడదామన్నాడు, ఆయన్ని టీ తెమ్మని పంపి ఓటింగ్ పెట్టేశాం. ఇంకొకరు "ఇంట్లో ఓటీటీ ఉంది కదా, అందులోంచే వేసేద్దాం" అన్నారు. ఆ సబ్‌స్క్రిప్షన్ ఇంట్లో చూసుకోవడానికి, హాల్లో వందమందికి చూపించడానికి కాదు.

తెలుగు సబ్‌టైటిల్స్ మేమే రాసుకున్నాం. ఈ పని చేయాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఫైల్‌ను తెలుగు అక్షరాలు చెదరకుండా ఉంచే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయండి, లేదంటే తెర మీద అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వరసగా నిలబడతాయి. రెండోది, తెలుగులోకి మార్చడానికి తీసుకున్న ఇంగ్లీషు ఫైల్ సెకనుకు 25 ఫ్రేముల కాపీకి చేసింది, మా సినిమా కాపీ 24. మొదట్లో మాట, పెదవి కలిసే ఉంటాయి, చివరికొచ్చేసరికి మూడు నిమిషాలకు పైగా తేడా. తెర మీద ఒక మాట నడుస్తుంటే కింద ఎప్పుడో తర్వాత రావాల్సిన మాట ముందే వచ్చేస్తోంది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో జి, హెచ్ కీలు నొక్కి జరపొచ్చుగానీ తేడా మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉంటేనే దానితో లాభం. పెరుగుతూ పోయే తేడాకు సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేట్ మార్చుకోవాలి.

ఇక హాలు సంగతి.

మేమడిగింది ఊరి నడిబొడ్డున ఉన్న ఒక సర్కారు హాలు. పేరు రాయను, నెలనెలా మళ్లీ ఆ గుమ్మమే తొక్కాలి. పెళ్లిళ్లు లేని ఆదివారాల్లో ఖాళీగా పడి ఉంటుంది, అద్దె మా తాహతులో ఉంది. దరఖాస్తు సొసైటీ కార్యదర్శిగా నా పేరు మీద, నా సంతకంతో. బండి నడపడానికి మా చెల్లెలి కొడుకును వెంటబెట్టుకెళ్లా. డిగ్రీ ఫస్టియర్, మీసం కూడా ఇంకా సరిగా రాలేదు.

సెక్షన్‌లో సారు నా చేతిలోంచి కాగితం తీసుకుని, వాడి మొహం చూసి "ఏం ప్రోగ్రాం తమ్మీ?" అన్నాడు. నన్నడగండి సార్, దరఖాస్తు నాది అన్నా. తలూపాడు. తలూపి మళ్లీ వాడినే చూస్తూ "ఎంతమంది వస్తరు?" అన్నాడు. వాడు నా వైపు చూస్తాడు, నేను జవాబు చెప్తా, ఆయన వాడికి తలూపుతాడు. కొంతసేపు ఇదే నడిచింది.

ఇటలీ సినిమా అన్న చోటికి రాగానే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి "ఫారిన్ సిన్మానా?" అని పక్క టేబుల్ ఆయన వైపు చూశాడు. ఆ పక్కాయన కిసుక్కుమన్నాడు. "మేడం, మీరు జర బయట బెంచి మీద కూసోండ్రి, తమ్మునితోని మాట్లాడుత" అన్నాడు. నేను కదల్లేదు. ఇక తప్పదన్నట్టు గొంతు తగ్గించి, అయినా సెక్షన్ అంతా వినపడేట్టు, "గా పొద్దుగాల ఆట సిన్మాలేనా? చదువుకునే పిల్లగానివి, అమ్మను వెంటేసుకొని గిసొంటిదానికి తిరుగుడేంది?" అన్నాడు. ఒకప్పుడు కొన్ని థియేటర్లలో మార్నింగ్ షోకు అంటించే ఇంగ్లీషు సినిమాల పోస్టర్లు గుర్తున్నవాళ్లకు ఈయన ఆలోచన ఎటు పోయిందో తెలుస్తుంది. మావాడు ఫోన్ తీసి ఏదో అర్జెంటు మెసేజ్ వచ్చినట్టు చూస్తూ నిలబడ్డాడు. నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెప్తున్నదాన్ని, నలుగురిలో గట్టిగా మాట్లాడగలదాన్ని, ఆ క్షణాన నాకు మాట రాలేదు.

తేరుకుని కథ చెప్పా. ఒకతని సైకిల్ ఎత్తుకుపోతారు సార్, అది లేకపోతే ఉద్యోగం ఉండదు, తండ్రీ కొడుకూ రోమ్ అంతా వెతుకుతారు.

"దొరుకుతదా?"

"దొరకదు సార్."

"దొరకనిదానికి అంతసేపు ఏం చూస్తరు మేడం? సైకిల్ పోతే ఠాణాకు పోవాలె గని హాలుకెందుకొచ్చిండ్రు?"

పెళ్లి బుకింగ్‌కు వచ్చి నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. సినిమాలో అతను ఠాణాకు పోతాడు, వాళ్లు ఫిర్యాదు రాసుకుని, వెతుక్కునేది నువ్వే అని పంపించేస్తారు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశా. హాలు కావాలి కదా.

కథ తెలుగులో ఒక పేజీ రాసుకుని రమ్మన్నాడు. రాసుకెళ్లా. దాన్ని పైకి చదివాడు, వేలు పెట్టి, లైను లైనూ. తాకట్టు కొట్లో ఉన్న సైకిల్‌ను విడిపించడానికి భార్య ఇంట్లో దుప్పట్లు తాకట్టు పెడుతుందన్న చోట ఆగాడు. "దుప్పట్లెందుకు?" అన్నాడు, అనుమానంగా. బంగారం లేదు కాబట్టి సార్ అన్నా. కాసేపు కాగితం వైపు చూసి "ఊఁ" అన్నాడు. ఆ ఒక్కచోటే ఆయన మామూలు మనిషిలా కనబడ్డాడు. వెంటనే సర్దుకుని, సినిమాలో అశ్లీలం లేదని వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించి తెమ్మన్నాడు. ఇలాంటి హామీపత్రం అడగాలని ఏ రూల్లో ఉందంటే "అన్నీ రూల్‌లల్ల ఉండయి" అన్నాడు. సెన్సార్ సర్టిఫికెట్ ఏదన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే, ఫెడరేషన్ కాగితం తీసి చూపించా. లామినేషన్ చేసి ఉండడం చూసి కొంచెం మెత్తబడ్డాడు. మన ఆఫీసుల్లో మనిషి మాట కంటే ప్లాస్టిక్ తొడుగుకు విలువెక్కువ.

అంతా అయ్యాక రిజిస్టర్ దగ్గర ఆగింది. ప్రోగ్రాం రకం అనే గడిలో పెళ్లి, మీటింగ్, సాంస్కృతికం, ఇతరములు అని నాలుగే ఉన్నాయి. సినిమా అంటే వ్యాపారం, కాబట్టి ఇతరములు, కాబట్టి అద్దె దాదాపు రెట్టింపు అన్నాడు. టికెట్ లేదు సార్, సభ్యులకే అంటే, అయితే సభ్యుల లిస్టు తెండి అన్నాడు. లిస్టు తెచ్చేసరికి ఆయన లీవు. రేపు రండి, లంచ్ తర్వాత రండి, పెద్ద సారు హైదరాబాద్ మీటింగ్‌కు పోయిండు. ఇలా నన్ను తిప్పిన తిప్పుకు మావాడు బండి నాకే ఇచ్చేసి, పరీక్షలున్నాయి పెద్దమ్మా అని తప్పుకున్నాడు.

ఒకరోజు అటెండర్ పక్కకు పిలిచి, "అమ్మా, సిన్మా అని రాయకుండ్రి, అవగాహన సదస్సు అని రాయుండ్రి, గంటల అయిపోతది" అన్నాడు. మంచి మనిషి, సాయం చేద్దామనే చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. దొంగపేరుతో ఒకసారి పెడితే ప్రతినెలా దొంగలాగే పెట్టాలి. "సాంస్కృతికం: సినిమా ప్రదర్శన, చర్చ" అని రాసి, మినహాయింపు కాగితం, బైలాస్‌లో లాభాపేక్ష లేదన్న పేజీ జతచేసి, ఆఫీసుకు వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వార్డ్‌లో నంబర్ వేయించుకున్నా. గొప్పకు చెప్తున్నా అనుకోండి, ఆ రిజిస్టర్‌లో సాంస్కృతికం గడిలో సినిమా అని రాయించింది నేనే. చివరికి పెద్ద సారు గదిలోకి పోతే, ఆయన ఫోన్ మాట్లాడుతూనే, ఏ పేజీ తిప్పకుండా సంతకం పెట్టేశాడు. నేను చదివించిన కథ, దుప్పట్లు, నోటరీ, ఏదీ ఆయన కంట పడలేదు.

మీరెవరైనా ఇలాంటిది పెట్టాలనుకుంటే, ఏ కాగితమైనా ఇన్‌వార్డ్ నంబర్ లేకుండా చేతికివ్వకండి. నోటిమాటగా "అయిపోతది" అంటే అవ్వదు.

హాలు దొరికిందన్న కబురు పొక్కగానే రెండో బాధ మొదలైంది. ఊళ్లో ఒక సాహితీ పెద్దాయన ఫోన్ చేసి, ముఖ్య అతిథి ఎవరు, జ్యోతి ప్రజ్వలన ఎన్నింటికి, శాలువాలు ఎన్ని తెప్పిస్తున్నారు అని అడిగారు. ఏమీ లేవు సార్, ఆరున్నరకు లైట్లు తీసేస్తాం అంటే నొచ్చుకున్నారు. మన దగ్గర ఏ సభకు పోయినా అసలు పని మొదలయ్యేసరికి సగంమంది బస్సు టైమైందని లేస్తారు. వేదిక మీద పదిమంది, కింద పాతికమంది, ఆ పాతికలో సగం వేదిక మీదవాళ్ల చుట్టాలు. కాళోజీ పేరు చెప్పుకునే ఊళ్లో ఈ దండల మోజేంటో నాకు అర్థం కాదు. మేం మైకు ఇచ్చేది సినిమా అయ్యాకే, అది కూడా చూసినవాళ్లకే.

షో రోజు పనులు మామూలే. పెళ్లిళ్లకు ఎల్ఈడీ స్క్రీన్లు పెట్టే కుర్రాడు ప్రొజెక్టర్ ఇచ్చాడు, టెంట్ హౌస్ వాళ్ల ముదురు రంగు సైడ్‌వాల్స్ కిటికీలకు కట్టాం. ఖాళీ హాల్లో గొంతు మోగిపోతుంది, టెస్టింగ్‌లో భయపడకండి, జనం నిండాక దానంతటదే తగ్గుతుంది.

జనం నిండారు. కుర్చీలు చాలక వెనక జంపఖానా పరిచాం. ఆజంజాహి మిల్లులో పనిచేసిన ఒక పెద్దాయన ముందు వరసలో కూర్చున్నారు. ఠాణా సీన్‌లో హాలంతా గప్‌చుప్‌గా ఉంటే ఆయనొక్కరే గట్టిగా నవ్వారు. చర్చలో లేచి, మిల్లు మూతపడ్డాక ఇంట్లో ఇత్తడి బిందెలు ఎలా ఒక్కొక్కటీ బయటికి పోయాయో చెప్పి, ఆ వెంటనే "కుర్చీలు మంచిగ లేవు, నడుం పోయింది" అని కూర్చున్నారు. ఆ తండ్రి వేషం వేసినాయన నిజంగా ఫ్యాక్టరీ కార్మికుడని మేం చెబితే, "చేతులు చూస్తేనే ఎర్కయితది" అన్నారు.

వచ్చే నెలకు దాసి అనుకుంటున్నాం, బి. నర్సింగరావు గారిది, 1988. అర్చనకు జాతీయ అవార్డు తెచ్చిన సినిమా, మన తెలంగాణ గడీ కథ. దీనికి 60 ఏళ్లు నిండలేదు కాబట్టి అనుమతి లెటర్ రావాలి, అడిగాం. సభ్యత్వం కావాలంటే షోకు అరగంట ముందు రండి, గేటు దగ్గరే రాస్తాం. నడుం నొప్పి ఉన్నవాళ్లు దిండు తెచ్చుకోండి. హాలు బుకింగ్‌కు ఈసారి ఒక్కదాన్నే పోతున్నా, ఆ సారు ఎవరి మొహం చూసి మాట్లాడతాడో చూడాలి.