స్వకర్మణా తమభ్యర్చ్య: ఒక వెల్డింగు మేస్టారి పూజ

సెప్టెంబరు 17 దగ్గరపడితే గాజువాక ఆటోనగర్ నుంచి సింధియా దాకా మన విశాఖ షెడ్లన్నీ కడిగి ముగ్గులు పెడతారు. లేత్ మిషన్లకి, వెల్డింగు సెట్లకి పసుపు కుంకుమ, బంతిపూల దండలు. ఇళ్లలో ఆయుధపూజ దసరాకే గానీ, షెడ్లలో విశ్వకర్మ పూజకే పెద్దపీట. సూర్యుడు కన్యారాశిలోకి వచ్చే సంక్రమణాన్ని బట్టి చేసేది కాబట్టి ఏటా తేదీ దాదాపు మారదు.

ఈ పూజనాడు నేను చదువుకునేది గీత 18వ అధ్యాయంలోని 46వ శ్లోకం:

యతః ప్రవృత్తిర్భూతానాం యేన సర్వమిదం తతమ్ ।
స్వకర్మణా తమభ్యర్చ్య సిద్ధిం విందతి మానవః ॥

సకల ప్రాణులూ ఎవరి వల్ల కదులుతున్నాయో, ఈ జగమంతా ఎవరు నిండి ఉన్నారో, ఆయన్ని మనిషి తన పనితోనే అర్చించి సిద్ధి పొందుతాడు. పువ్వులు అడగలేదు, పత్రి అడగలేదు. మరి చెయ్యి వణికి, చూపు మందగించి, పని పట్టలేని వయసొస్తే ఆ అర్చన ఆగిపోతుందా? దీనికి జవాబు నాకు మా వెల్డింగు మేస్టారి జీవితంలో దొరికింది.

ఆయన ఓడల పనిలో పండిన మనిషి. 1941లో రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసిన షిప్‌యార్డు మనది. 1948 మార్చి 14న నెహ్రూ గారు ‘జలఉష’ ఓడను నీళ్లలోకి దింపింది ఇక్కడే. ఆ తొలితరం పనివాళ్ల దగ్గర నేర్చుకున్న చెయ్యి ఆయనది. తర్వాత ఐటీఐలో మాకు పాఠం చెప్పడానికి వచ్చారు.

మొదట్లో వెల్డింగు రాడ్ బిగించే హోల్డర్ ముట్టుకోనిచ్చేవారు కాదు. పక్కన నిలబెట్టి ఆర్క్, అంటే రాడ్ కొసన లేచే కరెంటు మెరుపు, చప్పుడు వినమనేవారు. రాడ్ సరైన ఎత్తులో నడుస్తుంటే జంతికలు వేగుతున్నట్టు సన్నగా, ఆగకుండా వినిపిస్తుంది. దూరమైతే చిటపటలాడి రవ్వలు చిమ్ముతుంది, మరీ దగ్గరైతే అతుక్కుపోతుంది. “ఏటిరా తొందర? ముందు చెవికి పని నేర్పరా నాన్నా” అనేవారు.

7018 రకం వెల్డింగు రాడ్లంటే మరీ పట్టుదల. మనది సముద్రపు గాలి. రాడ్ పూతకి తేమ పడితే అందులోంచి హైడ్రోజన్ జాయింటులోకి చేరుతుంది, పని బాగున్నట్టే కనిపించి తర్వాతెప్పుడో లోపల పగులుతుంది. అందుకే ఓవెన్‌లో వేడిచేయని రాడ్ ముట్టనిచ్చేవారు కాదు. జాయింటు అడుగున వేసే మొదటి రన్ (కరిగిన లోహపు వరస) మీద ఇంకో రన్ పడితే అది ఇక ఎవరికీ కనపడదు. ఆయన వంగి మరీ పరీక్షించేది దాన్నే. బాగోలేకపోతే గ్రైండ్ చేయించి మళ్లీ వేయించేవారు. జగమంతా నిండినవాడు ఆ అడుగు రన్‌లోనూ ఉన్నాడని నమ్మినవాడే అలా చూడగలడని నాకు గట్టిగా అనిపిస్తుంది.

రిటైరయ్యాక చెయ్యి వణికేది. అయినా ఒక శిష్యుడి షెడ్‌లో స్టూలు వేసుకుని కూర్చునేవారు. పూజనాడు పనిముట్లు ముట్టం కదా. మర్నాడు తొలి ఆర్క్ కొట్టేది షెడ్ యజమాని కాదు, కొత్తగా చేరిన కుర్రాడని ఆయన పెట్టిన పద్ధతి. ఆ కుర్రాడి ముఖానికి షీల్డ్ తనే సర్దేవారు. నా మటుకు ఆయన అర్చనలన్నిటిలోకీ అదే గొప్పది. ఆయన పోయాక కూడా శిష్యుల షెడ్లలో ఆ పద్ధతి తప్పలేదు.

మీకు పని నేర్పిన మేస్టారు ఇంకా ఉంటే, ఈసారి పూజకి ఆయన్ని పిలవండి. మిషన్‌కి బొట్టు పెట్టేముందు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కొత్త బట్టలు పెట్టి, కాళ్లకి దణ్ణం పెట్టండి.