రెబెక్కా నర్స్ పుట్టింటి ఆచూకీ

బోస్టన్ దగ్గర ఉంటున్న నాకు డాన్వర్స్‌లో రెబెక్కా నర్స్ ఇల్లు చూశాక ఒకటే ప్రశ్న పట్టుకుంది: ఈవిడ ఏ ఇంటి ఆడపడుచు? మంత్రగత్తె అని నింద వేసి 1692 జులై 19న సేలంలో ఉరి తీసేనాటికి ఆమెకి డెబ్బై దాటాయి. నర్స్ అన్నది భర్త ఫ్రాన్సిస్ ఇంటిపేరు. పెళ్ళయిన ఆడవాళ్ళ పుట్టింటిపేరు ఆ కాలపు రికార్డుల్లో దొరకడం కష్టం. అందుకని ఆమె తోబుట్టువుల కోసం వెతికాను.

దారి చూపినవి కోర్టు కాగితాలు. సేలం విచారణల పత్రాలు వర్జీనియా యూనివర్సిటీ ఆర్కైవ్‌లో ఇంట్లో కూచునే చదువుకోవచ్చు. అందులో జాన్ పట్నం, అతని భార్య హన్నా ఇచ్చిన వాంగ్మూలం ఉంది. రెబెక్కా నర్స్, మేరీ ఈస్టీ, సారా క్లోయిస్‌ల తల్లి గురించి తాను విన్నదేదో జాన్ బయట అన్నాడట. ఆ తరవాత తనకి మూర్ఛలు వచ్చాయనీ, ఎనిమిది వారాల పసిబిడ్డ చనిపోయిందనీ చెప్పాడు. ఇంటిపేర్లు మూడు, తల్లి ఒక్కతే! వాళ్ళని ఉరికంబం ఎక్కించడానికి రాసిన కాగితమే వాళ్ళు అక్కచెల్లెళ్ళని సాక్ష్యం చెబుతోంది. కడుపు తరుక్కుపోయింది. మేరీని సెప్టెంబరు 22న ఉరి తీశారు. సారా మాత్రం బతికి బయటపడింది.

అక్కణ్ణించి వాళ్ళ పుట్టింటివాళ్ళు ఉన్న ఊరు, సేలం దగ్గరి టాప్స్‌ఫీల్డ్‌కి. తల్లి జోవానా టౌన్ పోయాక ఆస్తి పంపకానికి పెట్టుకున్న అర్జీలో కొడుకుల పక్కనే రెబెక్కా తరఫున ఫ్రాన్సిస్ నర్స్, మేరీ, సారా కనిపిస్తారు. అంటే పుట్టింటివాళ్ళు టౌన్ వారు.

వాళ్ళు ఇంగ్లండులో గ్రేట్ యార్మత్ నుంచి వచ్చారు. అక్కడి సెయింట్ నికొలస్ చర్చిలో విలియం టౌన్, జోవానా బ్లెస్సింగ్‌ల పెళ్ళి 1620 వసంతంలో. రెబెక్కా బాప్తిజం ఫిబ్రవరి 21న, పాత లెక్కలో అదీ 1620 కిందికే వస్తుంది. కొత్తగా చూసేవాళ్ళకి పెళ్ళికి ముందే బిడ్డ పుట్టిందనిపిస్తుంది. కానీ మన ఉగాదిలా వాళ్ళ కొత్త ఏడాదీ 1751 దాకా వసంతంలోనే, మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి మన లెక్కలో బాప్తిజం 1621. ఈ సంగతి తెలియకుండా పాత తేదీలు వంశవృక్షంలోకి ఎక్కించుకోవద్దు.

విలియం తండ్రి ఫలానా అని చెప్పే వంశవృక్షాలు ఆన్‌లైన్‌లో బోలెడు. రిజిస్టరో వీలునామానో చూపించనివాటిని నేను చేర్చలేదు. ప్రస్తుతం బ్లెస్సింగ్ వారి కోసం ఆ ప్రాంతపు పాత వీలునామాలు చదువుతున్నాను.