కోర్టు గుమ్మం దాటని దావా: కొసోవోలో నా అనుభవం

2003లో నేను కొసోవో రాజధాని ప్రిష్టినాలో ఒక న్యాయ సహాయ సంస్థలో పనిచేసేవాణ్ణి. నా దగ్గరికొచ్చిన ఫైళ్లలో నన్ను ఎక్కువగా వేధించింది ఒక గోదాము వ్యవహారం. 1999లో కొసోవో యుద్ధం ముగిసిన వేసవిలో ఒక అంతర్జాతీయ విభాగం ఆ గోదామును, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలాన్ని తీసుకుని వాహనాలు నిలుపుకుంది. యజమానిని అడగలేదు, అద్దె ఇవ్వలేదు. ఖాళీ చేసి వెళ్లేసరికి ప్రహరీ గోడ ఒక పక్క కూలిపోయింది, నేలంతా డీజిల్. యజమాని అయిన పెద్దాయన కోరింది అద్దె, మరమ్మతు ఖర్చు. అంతే.

ముందు సివిల్ కోర్టుకే వెళ్లాం. దావాను విచారణకే తీసుకోలేదు. 2000 ఆగస్టులో వచ్చిన 2000/47 రెగ్యులేషన్ ప్రకారం కొసోవోను పాలిస్తున్న అన్‌మిక్ అనే ఐరాస మిషన్ మీద, నాటో నడిపే కేఫోర్ దళాల మీద, వాటి ఆస్తుల మీద ఏ కోర్టూ చర్య తీసుకోవడానికి వీల్లేదు. ఆ జడ్జి చేతుల్లో నిజంగానే ఏమీ లేదు.

ఇక్కడే నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. అంతర్జాతీయ సంస్థలకు ఇమ్యూనిటీ, అంటే కోర్టు చర్యల నుంచి రక్షణ, ఎందుకు ఇస్తారు? ఆతిథ్యమిచ్చే దేశ ప్రభుత్వం వాటి పనిలో తలదూర్చకుండా ఉండటానికి. 1946 నాటి ఐరాస ఒప్పందం ఉద్దేశం అదే. కానీ 1999 జూన్ 10న వచ్చిన భద్రతా మండలి 1244 తీర్మానం తర్వాత కొసోవోలో ప్రభుత్వమంటే ఐరాసే. చట్టం చేసే అధికారం, అమలు చేసే అధికారం, కోర్టుల నిర్వహణ అన్నీ సెక్రటరీ జనరల్ ప్రత్యేక ప్రతినిధి చేతిలో పెట్టారు. మరి ఆ రక్షణ ఎవరి నుంచి? తను పాలిస్తున్న జనం నుంచేగా! పాలనపై ప్రజల ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌పర్సన్ మారెక్ ఆంతోని నోవిట్స్కీ 2001 ఏప్రిల్‌లో ఇచ్చిన మొదటి ప్రత్యేక నివేదికలో ఇదే వాదించి, ఆ రెగ్యులేషన్ మానవ హక్కుల ప్రమాణాలకు సరిపోదని తేల్చారు. రెగ్యులేషన్ మాత్రం అలాగే ఉండిపోయింది.

మిగిలిన దారి నష్టపరిహారం దరఖాస్తులు చూసే క్లెయిమ్స్ కమిషన్. 2000/47లోనే ఏడో సెక్షన్ దాని గురించి చెబుతుంది. అయితే ముందు ఆ వాహనాలు ఎవరివో తేలాలి. అన్‌మిక్‌ది ఒక పద్ధతి. కేఫోర్ అయితే ఏ దేశపు దళమో చూసుకుని ఆ దేశం దగ్గరికి వెళ్లాలి, ఒక్కో దేశానిది ఒక్కో రూల్. పక్కింటివాళ్లు తీసిన పాత ఫోటోల్లో వాహనాల మీది గుర్తులు చూసి అవి అన్‌మిక్‌వేనని నిర్ధారించుకున్నాం. తర్వాత యాజమాన్యం రుజువు చేయాలి. భూమి రికార్డులు చాలావరకు 1999లోనే సెర్బియాకు తరలించారు. ఇళ్ల వివాదాల కోసం ప్రత్యేకంగా ఒక డైరెక్టరేట్ ఉండేది కానీ అది నివాస ఆస్తులనే చూసేది, గోదాములు దాని పరిధిలోకి రావు. పాత పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, చుట్టుపక్కల వాళ్ల వాంగ్మూలాలు కూడబెట్టి ఫైలు కట్టాం.

అసలు టెన్షన్ అంతా ‘కార్యాచరణ అవసరం’ అనే మినహాయింపుతోనే. మిషన్ పని సాగడానికి తప్పనిసరై చేసిన నష్టమైతే కమిషన్ కూడా చూడదు. అది అవసరమా కాదా అని నిర్ణయించేది నష్టం చేసినవాళ్లే. అందుకే క్లెయిమ్‌ను రెండు ముక్కలు చేశాం. అద్దె వేరు, గోడ వేరు. స్థలం తీసుకోవడం అవసరమే అనుకున్నా, గోడను గుద్ది కూల్చడం అవసరం కాదు కదా. అద్దె కోసం జనరల్ అసెంబ్లీ 1998లో చేసిన 52/247 తీర్మానాన్ని చూపించాం. అనుమతి లేకుండా వాడుకున్న స్థలానికి స్థానిక మార్కెట్‌ను బట్టి న్యాయమైన అద్దె కట్టాలని ఐరాస తనకు తానే పెట్టుకున్న నియమం అది.

చాలా నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. గోడకు డబ్బు ఇస్తారు, అడిగినదానికంటే తక్కువ. అద్దెకు మాత్రం ‘కార్యాచరణ అవసరం’ అన్న ఒక్క వాక్యం. మా వాదనకు జవాబు లేదు. పెద్దాయన ఆ యూరోలు తీసుకుని గోడ కట్టించుకున్నారు. అద్దె సంగతి అంబుడ్స్‌పర్సన్‌కు రాశాం, కానీ ఆయన సిఫార్సు చేయగలరే తప్ప ఆదేశించలేరు.

2006లో అన్‌మిక్ మీద ఫిర్యాదుల కోసం మానవ హక్కుల సలహా ప్యానెల్ ఏర్పాటైందని తెలిసి పెద్దాయన మళ్లీ ఫోన్ చేయించారు. నిబంధనలు చదివాను. 2005 ఏప్రిల్ 23 తర్వాత జరిగినవి, లేదా అప్పటికీ కొనసాగుతున్నవి మాత్రమే తీసుకుంటారు. గోదాము అంతకుముందే ఖాళీ అయింది. కుదరదని చెప్పాల్సి వచ్చింది.

తీసుకున్న కేసులకైనా ఏం దక్కింది? కొసోవోలోని ఉత్తర మిట్రోవిచా పట్టణంలో సీసంతో కలుషితమైన శిబిరాల్లో ఏళ్ల తరబడి ఉంచిన రోమా అనే మైనారిటీ తెగ కుటుంబాల హక్కులను అన్‌మిక్ ఉల్లంఘించిందని, వాళ్లకు పరిహారం ఇవ్వాలని ఆ ప్యానెల్ 2016లో చెప్పింది. పేరులోనే ఉంది కదా, సలహా. 2017లో ఐరాస విచారం తెలిపి, ఇష్టమున్న దేశాలు విరాళం ఇచ్చే ఒక ట్రస్టు నిధి పెట్టింది. ఒక్కో బాధితుడికి ఇంత అని పరిహారం ఇవ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు.